చక్రాల బూట్లు ఓడ ఎక్కవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. పుట్టినరోజుకు మా అన్నయ్య వాడికి మడమలో చక్రాలున్న బూట్లు బహుమతిగా ఇచ్చాడు. అప్పటి నుంచి వాటిని విప్పడమంటే వాడికి ప్రాణం పోయినట్టుంటుంది. బాగానే నేర్చుకున్నాడు, ఈ మధ్య పడటం కూడా తగ్గింది. మొన్న ఒక షాపింగ్ మాల్‌లో జారుకుంటూ వెళ్తుంటే ఒక పెద్దాయన వాడి భుజం పట్టుకుని ఆపి గట్టిగా మందలించారు. వాడు ఎవరినీ తగల్లేదు కాబట్టి నాకు కోపం వచ్చి ఆయనతో వాదించాను. వచ్చే సెలవుల్లో మా అత్తగారు, మామగారితో కలిసి క్రూయిజ్‌కు వెళ్తున్నాం. ఓడలో పొడవైన కారిడార్లుంటాయి, పిల్లవాడు హాయిగా తిరుగుతాడని అన్నయ్య అంటున్నాడు, మావారు వద్దంటున్నారు. ఓడలో వీటిని వేసుకోనిస్తారా? మిగతా చోట్ల ఎక్కడ వేసుకోనివ్వవచ్చు? ఆ పెద్దాయన విషయంలో తప్పు నాదేనా? వద్దనాల్సి వస్తే వాడికీ, అన్నయ్యకూ ఎలా చెప్పాలి?

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు జవాబు సూటిగానే చెప్పవచ్చు. ఓడలో ఆ బూట్లు వద్దు. ఈ విషయంలో మీవారి మాటే సరైనది. అయితే అందుకు అసలు కారణం బాబు పడిపోతాడన్న భయం ఒక్కటే అనుకుంటే, మిగిలిన మూడు ప్రశ్నలకూ సరైన సమాధానం దొరకదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

బాబు బాగా నేర్చుకున్నాడనీ, పడటం తగ్గిందనీ, ఎవరినీ తగల్లేదనీ రాశారు. ఈ మూడూ నిజమే అయి ఉంటాయి. కానీ ఈ మూడూ అతని నేర్పుకు సంబంధించినవి. జనం మధ్య ఈ బూట్లు తెచ్చిపెట్టే చిక్కు మాత్రం ఎదుటివారికి సంబంధించినది. సైకిల్ మీద వచ్చే పిల్లవాణ్ని, స్కేట్‌బోర్డు మీద వచ్చేవాణ్ని మనం దూరం నుంచే గుర్తుపట్టి పక్కకు తప్పుకుంటాం. చక్రాల బూట్లు వేసుకున్న పిల్లవాడు మాత్రం అందరిలాగే నడుస్తూ కనిపిస్తాడు, ఏ హెచ్చరికా లేకుండా కాలివేళ్లు పైకెత్తి బరువు మడమ మీద వేసిన మరుక్షణం రెట్టింపు వేగంతో ముందుకు దూసుకొస్తాడు. జనంలో నడిచే ప్రతి మనిషీ చుట్టూ ఉన్నవారి నడకను బట్టి తన తర్వాతి అడుగు ఎటు వేయాలో తనకు తెలియకుండానే లెక్క వేసుకుంటూ ఉంటాడు. ఈ బూట్లు ఆ లెక్కను తప్పిస్తాయి. కళ్లు సరిగా కనబడనివారికీ, చేతికర్ర సాయంతో నడిచేవారికీ, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లికీ ఆ తప్పును సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. కాబట్టి వీటిని ఎక్కడ వేసుకోవచ్చన్నది పిల్లవాడి నేర్పును బట్టి కాక, ఆ చోట మసలే మనుషులను బట్టి తేల్చుకోవాలి.

వేగం సంగతి కొంచెం అంకెల్లో చూద్దాం. మామూలు నడక గంటకు నాలుగైదు కిలోమీటర్లు. నున్నని నేల మీద జారే పిల్లవాడు గంటకు 10 కిలోమీటర్ల వేగం అందుకున్నాడనుకుంటే, సెకనుకు దాదాపు 2.8 మీటర్లు ముందుకు వెళ్తాడు. ఈ బూట్లకు వేరే బ్రేకంటూ ఉండదు. చక్రం వెనుక ఉన్న మడమ అంచును నేలకు రాపిడి చేస్తూ నెమ్మదించాలి, లేదా మునివేళ్ల మీదికి దిగి నాలుగడుగులు పరుగెత్తి ఆగాలి. ఎదురుగా ఎవరో అడ్డొచ్చారని గ్రహించి, కాలు కదిలించి, ఆ రాపిడి పని చేసేసరికి సెకనో అంతకన్నా ఎక్కువో గడిచిపోతుంది. ముప్ఫై కిలోల పిల్లవాడు ఆ వేగంతో వచ్చి ఇంకో పిల్లవాణ్ని గుద్దుకుంటే ఇద్దరూ ఏడ్చి లేస్తారు. అదే డెబ్భై ఏళ్లు దాటిన మనిషిని గుద్దితే తుంటి ఎముక విరగవచ్చు. ఆ వయసులో తుంటి విరిగినవారిలో చాలామంది మళ్లీ మునుపటిలా తిరగలేరు.

బాబుకు కలిగే ప్రమాదం లేదని నా ఉద్దేశం కాదు. 1990ల చివర్లో అమెరికాలో రోజర్ ఆడమ్స్ అనే ఆయన మామూలు బూటు మడమను కోసి అందులో స్కేట్‌బోర్డు చక్రం అమర్చి చూడటంతో మొదలైన ఈ ఆలోచన, 2000లో హీలీస్ అన్న పేరుతో దుకాణాలకెక్కింది, 2006 నాటికి ఎన్నో దేశాల్లో పిల్లల పిచ్చిగా మారింది. ఆ ఏడాది వేసవి సెలవుల్లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని ఒక పిల్లల ఆసుపత్రికి పది వారాల్లో 67 మంది పిల్లలు ఈ బూట్ల వల్లా, మామూలు బూట్లకు తగిలించుకునే మడమ చక్రాల వల్లా దెబ్బలు తగిలి వచ్చారు. అక్కడి వైద్యులు ఆ వివరాలను 2007లో ఒక శిశువైద్య పత్రికలో ప్రచురించారు. దెబ్బల్లో ఎక్కువ భాగం చేతులకే తగిలాయి, అందులోనూ మణికట్టు దగ్గర ఎముక విరగడమే ఎక్కువ. ఐదింట ఒక వంతు మంది వాటిని మొట్టమొదటిసారి వేసుకున్నప్పుడే పడ్డారు. అమెరికాలో కూడా 2006లో ఈ బూట్ల కారణంగా అత్యవసర విభాగాలకు వచ్చిన కేసులు సుమారు 1,600 ఉంటాయని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం అంచనా వేసింది. ఆ తర్వాత అక్కడి ఎముకల వైద్యుల సంఘం హెల్మెట్, మణికట్టు పట్టీలు, మోచేతి, మోకాలి రక్షణలు లేకుండా వీటిని వాడవద్దని తల్లిదండ్రులకు సూచించింది.

చేతులకే ఎందుకు తగులుతుందో ఆ బూటు తీరులోనే ఉంది. రోలర్ స్కేట్లలో బరువు పాదం మొత్తం మీద పరుచుకుంటుంది. ఇక్కడ ఒంటి బరువంతా రెండు మడమల కింద ఉన్న చిన్న చక్రాల మీద నిలుస్తుంది, ఒక పాదం ముందు, ఒకటి వెనుక పెట్టి ఆ బరువును కాచుకోవాలి. బరువు కొంచెం వెనక్కి పోతే మనిషి వెల్లకిలా పడతాడు, ఆపుకోవడానికి అసంకల్పితంగా చేతులు వెనక్కి చాపుతాడు, దెబ్బంతా అరచేతుల మీద పడి మణికట్టుకో మోచేతికో చేరుతుంది. పిల్లల మణికట్టు ఎముక చివర ఎదుగుదల పొర ఉంటుంది. విరుపు అక్కడ పడితే ఎముక సరిగా పెరుగుతున్నదో లేదో చాలాకాలం గమనిస్తూ ఉండాలి. మోచేతికి కాస్త పైన విరిగితే అక్కడి నుంచే సాగే రక్తనాళమూ నరాలూ నొక్కుకుపోయే ప్రమాదం ఉండటంతో కొన్నిసార్లు వెంటనే శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి, ఓడ దగ్గరికి వచ్చేసరికి దీని అవసరం ఉంది.

ఇప్పుడు మీ అన్నయ్యగారి కారిడార్ల సంగతి. ఓడలో క్యాబిన్ల మధ్య కారిడార్లు పొడవైనవే, కానీ ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు కాస్త ఒదిగి దారివ్వాల్సినంత ఇరుకుగా ఉంటాయి. రెండు వైపులా వరుసగా తలుపులు, అవి సాధారణంగా లోపలికే తెరుచుకుంటాయి కాబట్టి తలుపు కదలడం బయటివారికి కనిపించదు, మనిషే నేరుగా అడుగు బయట పెడతాడు. గదులు శుభ్రం చేసే సిబ్బంది బండ్లు ఉదయం పూట సగం దారిని ఆక్రమిస్తాయి. పైగా అక్కడ నేల మీద తివాచీ పరిచి ఉంటుంది. తివాచీ మీద చక్రం దిగబడి సరిగా దొర్లదు. నున్నని నేల నుంచి వేగంగా వచ్చి తివాచీ మీదికి ఎక్కిన పిల్లవాడి పాదాలు అక్కడే ఆగిపోతే ఒళ్లు మాత్రం ముందుకు పోతుంది. అగ్నిప్రమాదం జరిగితే మూసుకునే తలుపుల దగ్గర లోహపు పట్టీలు, బయటి డెక్‌కు వెళ్లే ద్వారాల దగ్గర నీళ్లు లోపలికి రాకుండా కట్టిన ఎత్తు గడపలు ఉంటాయి. అంటే మీ అన్నయ్యగారు ఊహిస్తున్నట్టు హాయిగా జారే దారి ఓడలో దొరకదు. దొరికేది లిఫ్టుల ముందున్న నున్నని హాళ్లలోనూ, నడిమి అంతస్తుల్లోని పాలరాతి నేల మీదా, అంటే అందరికన్నా ఎక్కువ మంది గుమిగూడే చోట్లలోనే. భోజనశాలలో జనం వేడి కాఫీ, సూప్ చేతుల్లో పట్టుకుని ఖాళీ బల్లల కోసం చూసుకుంటూ తిరుగుతుంటారు, కాళ్ల దగ్గర ఏముందో చూడరు. ఈత కొలను చుట్టూ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. తడి నేల మీద ఆ చిన్న చక్రాలు పట్టు కోల్పోతాయి, మడమ రాపిడి కూడా పని చేయదు.

వీటన్నిటికీ తోడు నేలే కదులుతుంది. పెద్ద ఓడలకు నీటి అడుగున రెండు పక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, అవి ఓడ పక్కలకు ఒరగడాన్ని చాలావరకు తగ్గిస్తాయి. ముందుకూ వెనక్కూ లేచి పడే ఊపును మాత్రం అవి దాదాపు తగ్గించలేవు. ఓడ పొడవునా సాగే దారిలో జారే పిల్లవాడికి తగిలేది సరిగ్గా ఆ ఊపే. అప్పటిదాకా సమతలంగా ఉన్న నేల పల్లమై వేగం పెరుగుతుంది, మరుక్షణం ఎత్తై మడమ మీది బరువు వెనక్కి పోతుంది. ఇంటి దగ్గర నేర్చుకున్న నేర్పు కదలని నేల మీద నేర్చుకున్నది; ఇక్కడ అది అంతగా అక్కరకు రాదు. రెయిలింగ్ దాటి సముద్రంలో పడిపోతాడని కొందరు పిల్లలను భయపెడుతుంటారు గాని, ఓడ రెయిలింగ్‌లు అంత తక్కువ ఎత్తువి కావు, అటువంటి మాటలతో బాబును బెదిరించవద్దు. అసలైన కారణాలే చాలినన్ని ఉన్నాయి.

తల్లిదండ్రులు సాధారణంగా ఆలోచించని విషయం ఇంకొకటుంది. ఓడ బయలుదేరే ముందు అత్యవసర సమయంలో ఎవరు ఎక్కడ గుమిగూడాలో ప్రయాణికులందరికీ చూపిస్తారు. నిజంగా అటువంటి పిలుపు వస్తే లిఫ్టులు వాడకూడదు, అంతస్తుల మెట్లు ఎక్కి దిగి ఆ చోటికి చేరాలి. మెట్ల మీద, గుంపులో, మడమ కింద చక్రమున్న పిల్లవాణ్ని నడిపించుకుపోవడం ఎంత కష్టమో ఆలోచించండి. అలాగే కొలను డెక్ కిందా, జనం తిరిగే హాళ్ల కిందా ఉన్న క్యాబిన్లలో పడుకున్నవారికి పైన దొర్లే చక్రాల మోత ఉక్కు నేల గుండా స్పష్టంగా వినిపిస్తుంది. ఇది ప్రమాదమేమీ కాదు గాని, రాత్రి భోజనాల వేళకే రిసెప్షన్‌లో మీ మీద ఫిర్యాదు చేరడానికి ఇది చాలు.

నియమాల సంగతి. పెద్ద క్రూయిజ్ సంస్థల ప్రవర్తన నియమాల్లో స్కేట్‌బోర్డులు, రోలర్ స్కేట్లు, హోవర్‌బోర్డుల వంటి వాటిని వద్దనడం సాధారణం. కొన్ని సంస్థలు చక్రాల బూట్లను కూడా పేరు పెట్టి చెబుతాయి. మీ టికెట్‌తో పాటు వచ్చిన పత్రాల్లో ఓడలోకి తేకూడని వస్తువుల జాబితా ఒకటి ఉంటుంది, దాన్ని ఒకసారి చదవండి. పేరు కనిపించకపోతే అనుమతి ఉన్నట్టే అనుకోవద్దు, సంస్థకు రాసి అడగండి. నిషిద్ధ వస్తువులను ఎక్కేటప్పుడే తీసుకుని ప్రయాణం ముగిశాక తిరిగివ్వడం మామూలుగా జరిగేదే, కానీ రేవులో సామాన్ల తనిఖీ దగ్గర వందల మంది ముందు కాలి బూట్లు విప్పి ఇవ్వాల్సి వస్తే బాబు సెలవులు ఏడుపుతో మొదలవుతాయి. ఇదేదో పిల్లలంటే గిట్టనివాళ్లు పెట్టిన నిబంధన అని మీ అన్నయ్యగారికి అనిపిస్తే, పిల్లలూ పెద్దలూ కలిసి ఆనందించడానికి కట్టిన డిస్నీలాండ్, వాల్ట్ డిస్నీ వరల్డ్ పార్కులు కూడా చక్రాలు అమర్చిన బూట్లను తమ నియమాల్లో స్పష్టంగా నిషేధించాయని చెప్పండి.

దెబ్బ తగిలితే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. పెద్ద క్రూయిజ్ ఓడల్లో వైద్యులు, నర్సులు ఉంటారు, ఎక్స్‌రే తీసి కట్టు వేసే ఏర్పాటు సాధారణంగా ఉంటుంది. ఎముకలకు శస్త్రచికిత్స చేసే వసతి ఉండదు. నేను పైన చెప్పిన మోచేతి విరుపు వంటిది జరిగితే తర్వాతి రేవులో దిగి, తెలియని ఊళ్లో ఆసుపత్రి వెతుక్కోవాలి; తల్లో తండ్రో బాబుతో దిగిపోతే మిగతావారు ఓడలో సాగిపోవాల్సి రావచ్చు. ఓడలో చేసే చికిత్స ఖర్చు మీ ఖాతాలో చేరుతుంది, ఇంటి దగ్గర చెల్లే ఆరోగ్య బీమా అక్కడ చెల్లకపోవచ్చు. చక్రాల బూట్లు ఉన్నా లేకున్నా, అత్తగారిని, మామగారిని వెంటబెట్టుకుని వెళ్తున్నారు కనుక వైద్య ఖర్చులూ, అత్యవసర తరలింపూ కలిసిన ప్రయాణ బీమా తీసుకోమని నా గట్టి సలహా.

చక్రాలు తీసేసి ఆ బూట్లే తీసుకెళ్లవచ్చా అని మీరు అడగలేదు గాని, బాబు తప్పకుండా అడుగుతాడు. చాలా రకాల్లో చక్రాన్ని పరికరంతో ఊడదీసి ఆ ఖాళీని మూతతో పూడ్చవచ్చు. అయినా ఓడకు మామూలు బూట్లే మంచివి. చక్రం లోపల ఉన్నదో లేదో సిబ్బంది ప్రతిసారీ వంగి చూడలేరు కనుక ఆపుతూనే ఉంటారు, మూత పెట్టకపోతే ఆ గుంటలో నీరూ ఇసుకా చేరి మడమ జారుతుంది, పైగా ఆ బూట్లు రోజంతా తిరగడానికి బరువు. చక్రాలు ఇంట్లో వదిలి బూట్లు మాత్రం తెస్తే, బాబు మనసంతా ఆ ఖాళీ మడమ చుట్టూనే తిరుగుతుంది.

మిగతా బహిరంగ ప్రదేశాల విషయానికి వస్తే, నేను ముందు చెప్పిన కొలతనే వాడండి. అక్కడ ఉన్నవారు చక్రాల మీద వచ్చే పిల్లలను చూసేందుకు సిద్ధపడి ఉన్నారా? స్కేటింగ్ రింక్‌లో, వాహనాలు రాని ఆటస్థలంలో, ఖాళీగా ఉన్న సిమెంటు కోర్టులో ఉంటారు. ఆసుపత్రిలో, రైలు ప్లాట్‌ఫాం మీద, గ్రంథాలయంలో, రద్దీగా ఉన్న దుకాణంలో ఉండరు. షాపింగ్ మాల్‌లో ఉదయం తలుపులు తెరిచిన వేళ ఖాళీగానే ఉంటుంది కదా అని మీకు అనిపించవచ్చు; కానీ పిల్లలకు గంటకో నియమం చెబితే ఏ నియమమూ నిలవదు కాబట్టి మాల్ అంటే చక్రాలు వద్దని తేల్చేయడమే సులువు. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేవి కార్ల పార్కింగ్ స్థలాలు. బండిని వెనక్కి తీసే డ్రైవరు నడిచే పిల్లవాడు తన వెనుకకు చేరడానికి ఎంతసేపు పడుతుందో అంచనా వేస్తాడు. ఈ బూట్లున్న పిల్లవాడు అందులో సగం సేపట్లో అక్కడ ఉంటాడు, అదీ కొన్ని బండ్ల వెనుక అద్దంలో కనిపించనంత తక్కువ ఎత్తులో.

ఎస్కలేటర్ దగ్గర మాత్రం వాదనకు తావే లేదు. కదిలే మెట్టు మీద చక్రం నిలవదు, పైనా కిందా మెట్లు పళ్ల పలక కిందికి దూరే చోట చక్రమో మెత్తని మడమో ఇరుక్కుంటే పాదానికే ముప్పు. విమానాశ్రయాల్లోని కదిలే నడకదారులకూ ఇదే వర్తిస్తుంది. ఓడకు వెళ్లే దారిలో విమాన ప్రయాణం ఉంటే, లోహపు భాగాలున్న ఆ బూట్లను భద్రతా తనిఖీలో విప్పమనే అవకాశమూ ఎక్కువే.

ఇక ఆ పెద్దాయన. పరాయి పిల్లవాడి ఒంటి మీద చేయి వేయడం ఆయన చేయకూడని పని, ముఖ్యంగా కదులుతున్న పిల్లవాణ్ని భుజం పట్టి ఆపితే ఇద్దరూ కింద పడవచ్చు. ఆ మాట ఆయనతో అనే హక్కు మీకుంది. అయితే బాబు ఎవరినీ తగల్లేదు కదా అన్న మీ వాదన మాత్రం నాకు సబబుగా తోచలేదు. తన పక్క నుంచి ఎవరో దూసుకుపోతే ఉలిక్కిపడి కాలు తడబడే వయసు ఆయనది. తాకకుండానే మనిషిని పడగొట్టవచ్చు. ఆయన కోపం వెనుక ఉన్నది బహుశా భయమే. బాబు ఎదురుగా మీరు ఆయనతో వాదించడం వల్ల, తప్పు ఆ పెద్దాయనదేనన్న పాఠం బాబుకు అందింది. ఆయన మళ్లీ కనిపించే అవకాశం లేదు కనుక క్షమాపణ మాట ఎలాగూ కుదరదు. బాబుతో మాత్రం ఆ రోజు సంగతి ఒకసారి మళ్లీ మాట్లాడండి. నిన్ను పట్టుకోవడం ఆయన పొరపాటు, అక్కడ నువ్వు జారడానికి నేను ఒప్పుకోవడం నా పొరపాటు అని చెబితే తొమ్మిదేళ్ల పిల్లవాడికి బాగానే అర్థమవుతుంది.

ఎప్పుడైనా ఎవరికైనా తగిలితే ఏం చేయాలో కూడా ఇప్పుడే నేర్పండి. పారిపోకూడదు, అక్కడే ఆగాలి, పెద్దవాళ్లను పిలవాలి. పడిన మనిషిని గబగబా లేవదీయవద్దు. నొప్పి ఎక్కడో అడిగి, లేవగలరో లేదో వారినే తేల్చుకోనివ్వాలి. పెద్దవారు మొహమాటానికి ఏమీ కాలేదని లేచి వెళ్లిపోతుంటారు. తల నేలకు తగిలితే, అందులోనూ వారు రక్తం పలచబడే మందులు వాడేవారైతే, తలలోపల రక్తస్రావం గంటల తర్వాత బయటపడవచ్చు కాబట్టి వైద్యుడికి చూపించమని మీరే పట్టుబట్టాలి. మీ పేరు, ఫోను నంబరు ఇచ్చి, ఆ చోటి సిబ్బందికి జరిగింది జరిగినట్టు చెప్పండి.

బాబుకు ఎలా చెప్పాలన్నది మీరనుకున్నంత కష్టం కాదు, ఆలస్యం చేయకపోతే. సామాన్లు సర్దే రోజు దాకా ఆగవద్దు. ఈ వారమే ఓడ నియమాల కాగితాన్ని బాబు ముందు పెట్టి అతనిచేతే చదివించండి. బూట్లు కనిపించడం లేదని అబద్ధం చెప్పడం, కెప్టెన్ దించేస్తాడని బెదిరించడం రెండూ వద్దు. మొదటిది దొరికిపోతుంది, రెండోది ఓడ అంటేనే భయం పుట్టిస్తుంది. నీకు రాదని వద్దనడం లేదు, నీకు వచ్చని అక్కడివాళ్లకు తెలియదు అని చెప్పండి. తన నేర్పును తక్కువ చేయకుండా వద్దంటే పిల్లలు వింటారు. అలిగితే అలగనివ్వండి, ఆ పూట బేరాలు మాత్రం పెట్టవద్దు. ఓడలో పిల్లలకు ఆటల గదులు, ఈత కొలనులు, వయసుల వారీగా క్లబ్బులు ఉంటాయి. కొన్ని ఓడల్లో చక్రాల ముచ్చట తీరే ఏర్పాటు కూడా ఉంది: 2014లో ప్రయాణాలు మొదలుపెట్టిన రాయల్ కరీబియన్ వారి క్వాంటమ్ ఆఫ్ ద సీస్‌లో సీప్లెక్స్ అనే ఆటస్థలాన్ని కొన్ని వేళల్లో రోలర్ స్కేటింగ్‌కు వదులుతారు, స్కేట్లు వారే ఇస్తారు. మీరెక్కే ఓడలో అటువంటిది ఉందేమో ముందే కనుక్కోండి. ఉంటే బాబుకు ఆ సంగతి మొదటే చెప్పవద్దు, నియమం చెప్పి అది మనసుకు పట్టాక చెప్పండి. మొదటే చెప్పేస్తే అది నష్టపరిహారంలా అనిపిస్తుంది.

ఇంటికి తిరిగొచ్చాక చక్రాలు మీ దగ్గర ఉండాలి, బూట్లు బాబు దగ్గర. ఆటస్థలానికి చేరాక మీరే చక్రాలు తగిలించి, బయలుదేరేటప్పుడు మీరే తీసుకోండి. ఇలా చేస్తే మాల్ దగ్గర ప్రతిసారీ వాదించాల్సిన పని ఉండదు. పరికరంతో తీయడం మరీ కష్టంగా ఉండే రకమైతే, బయటికి వెళ్లేటప్పుడు మామూలు బూట్లే వేయించండి.

మీ అన్నయ్యగారి విషయంలో మీవారిని ముందుకు తోయవద్దు. బావగారు తన బహుమతిని కాదన్నారన్న భావన ఆయనకు రాకూడదంటే ఫోను చేయాల్సింది మీరే. బాబుకు ఆ బూట్లంటే ఎంత ఇష్టమో మొదట చెప్పండి, ఓడ నియమం సంగతి తర్వాత చెప్పండి, ఆ తర్వాత ఒక సాయం అడగండి. బూట్లు కొన్న మేనమామే హెల్మెట్, మణికట్టు పట్టీలు కూడా కొనిస్తే, అమ్మ మాటకన్నా బాబు వాటిని ఎక్కువ ఇష్టంగా వేసుకుంటాడు. కుదిరితే సెలవు రోజుల్లో బాబును రింక్‌కు తీసుకెళ్లే పనీ ఆయనకే అప్పజెప్పండి. మణికట్టు పట్టీలలో అరచేతి వైపు గట్టి పలక ఉన్నవి ఎంచమనండి, మెత్తని బట్ట పట్టీలు దెబ్బను ఆపవు. హెల్మెట్ కనుబొమల పైన రెండు వేళ్ల ఎడంలో కూర్చోవాలి, గడ్డం పట్టీ బిగించాక తల ఊపితే కదలకూడదు. కాబట్టి కొనేటప్పుడు బాబును వెంట తీసుకెళ్లమని ఆయనతో చెప్పండి.